పరుపు కింద వెచ్చదనం

లారీ నడిపే భూపాల్‌కు భయమంతా ముక్కులోనే ఉంటుంది. కదలకుండా పడున్న బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుందని గోదావరిఖనిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అందుకే లోడెత్తాక ఊరు దాటినప్పుడల్లా బండి ఆపి, వెనక్కి వెళ్లి గాలి వాసన చూసొస్తాడు. తోటి డ్రైవర్లు నవ్వితే, "నా ముక్కు అబద్ధమాడదురా" అంటాడు.

ఆ ముక్కు కిందే, క్యాబిన్‌లో, అతని రెండో సంసారం ఉంది. రెండు ఫోన్లు, చిన్న ఫ్యాను, చాయ్ కాచుకునే కరెంటు కెటిల్. అన్నీ ఒకే ఇన్వర్టర్‌కు. బ్యాటరీ నుంచి దానికొచ్చే వైరు, సీటు వెనక పడుకునే పరుపు కిందుగా పోతుంది. కెటిల్ పెట్టినప్పుడల్లా ఫ్యూజు ఎగిరిపోయేది.

బండ్లకు కరెంటు పని చేసే వీరేందర్ మంచిగానే చెప్పాడు. "భూపాలన్నా, ఈ వైరు ఫోన్ల మందమే, కెటిల్‌కు ఆగదు. ఫ్యూజు పోతుందంటే అది మొత్తుకుంటున్నట్టు. దాని నోరు ముయ్యకు."

భూపాల్ మూసేశాడు. ఫ్యూజు పీకి, ఆ జాగాలో రాగి తీగ చుట్టేశాడు.

ఆ పొద్దున బొగ్గు లోడుతో పోతూ రామగిరిలో తల్లి కనకవ్వను బండెక్కించుకున్నాడు. గోదావరిఖనిలో ఆమె కూతురి ఇంటి దగ్గర దింపాలి. మోకాళ్లు వంగని మనిషి. కింది నుంచి ఇద్దరు ఎత్తితే, పైనుంచి కొడుకు లాగితే ఎక్కింది. ఆమెను పరుపు మీద కూర్చోబెట్టి, తన దర్జా చూపించుకోవాలని కెటిల్ స్విచ్చి వేసి, బండి కదిలించాడు.

"బండ్లనే చాయ్ కాస్తవారా!" అని మురిసిపోయింది కనకవ్వ. కాసేపటికి, "కొడుకా, కింద వెచ్చగ మంచిగున్నది. కుంపటి కాడ కూసున్నట్టే ఉన్నది" అంది.

"ఇంజను వేడవ్వా."

ఆ మాట అన్నాడో లేదో, కాలిన వాసన తగిలింది. లోడు! బండి పక్కకు ఆపి, తాగే నీళ్ల డబ్బా పట్టుకుని బొగ్గు మీదికి ఎక్కాడు. అరచేయి ఆనించాడు. చల్లగా ఉంది. పెళ్లలు తీసి లోపల పెట్టాడు. చల్లగానే ఉంది. అయినా చేతికంటే ముక్కునే నమ్మి, నీళ్లన్నీ దాని మీదే గుమ్మరించాడు.

"ఒరే భూపాలూ..." మాట సగంలోనే దగ్గు.

తలెత్తి చూస్తే క్యాబిన్ కిటికీలోంచి నల్లటి పొగ.

ఎలా దూకాడో అతనికే తెలియదు. తలుపు తీస్తే పొగ మొహాన కొట్టింది.

"దిగవ్వా, జల్ది దిగు!"

"నా మోకాళ్లకు చెప్పురా ఆ మాట!"

వీపు అడ్డం పెట్టాడు. ఆమె మెడ చుట్టూ చేతులేసి వేలాడింది. బాట పక్కన దింపేసి, ఆమె గొంగడి చేతికి చుట్టుకుని, బ్యాటరీ దగ్గర వైరు పీకి పారేశాడు. పరుపు మీద దోసిళ్ల కొద్దీ మట్టి పోశాడు. పొగ తగ్గాక చూస్తే, పరుపులో తల పట్టేంత బొక్క, అంచులు ఇంకా ఎర్రగా. తల్లి కూర్చున్న చోటుకు జానెడు దూరం.

భూపాల్ ఆ అంచుల మీద ఇంకో దోసెడు మట్టి పోశాడు. లారీ వెనక నుంచి టపటపా నీళ్లు కారుతున్నాయి. కనకవ్వ అటు చూసింది, ఇటు చూసింది.

"అవ్వ కాలుతుంటే, బొగ్గుకు తానం పోసినవా బిడ్డా?"

ఇప్పుడు బ్యాటరీ పక్కనే అసలు ఫ్యూజు ఉంది. వైరు పరుపు వదిలి కంటికి కనబడేలా గోడ వెంట పోతుంది. కెటిల్ ఇంటికి చేరింది. అయినా కనకవ్వ బండెక్కాల్సి వస్తే, లోడు కోసం వరసలో ఉన్న డ్రైవర్లందరి ముందూ ఒక్కటే మాట:

"ముందుగాల పరుపు మీద నువ్వు కూసో. నీ పిర్ర చెప్పినంక నేనెక్కుత. నీ ముక్కు మాట నాకద్దు."

వాళ్లు పడీ పడీ నవ్వుతారు. భూపాల్ మాత్రం నవ్వడు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె చాలన్నాక కూడా ఇంకాసేపు కూర్చునే ఉంటాడు.