మావయ్యగారికి ఈజా, ఆరా

మా కోడలికి ఇంగ్లీషు రాదని కాదు. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు పేపరు గడగడా చదువుతుంది. అయినా కనకాలపేట దారిలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడి నుంచి టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది మొదలు ఆమెకూ కుదురు లేదు, నాకూ లేదు. "ఇది కూడా పోతే ఇంక ఎక్కడా అడగనండీ మావయ్యగారూ, వంటింట్లోనే ఉండిపోతాను" అంది. ఆ మాట నా డైరీలో అలాగే ఉంది.

నేను గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. ఏ పనైనా వరసలో చెయ్యడం అలవాటు. ఇంటర్వ్యూలో ముందు ఇంటి సంగతులే అడుగుతారని, ఇంట్లోవాళ్ళ గురించి ఇంగ్లీషులో చెప్పడంతో మొదలుపెట్టించాను.

"మై సన్ ఈజ్ ఫోర్ ఇయర్స్ ఓల్డ్" అంది. బాగుంది.

"మై ఫాదరిన్‌లా ఆర్ ఎ రిటైర్డ్ క్లర్క్."

"ఈజ్ అమ్మా. నేనొక్కణ్ణేగా?"

"ఆయ్, ఈజ్ అండి." మళ్ళీ మొదలుపెట్టి, నా మొహం చూసి, మళ్ళీ ఆర్ అంది.

మర్నాడూ అంతే. కొడుక్కి ఈజ్, పిల్లికి ఈజ్, పక్కింటి కుర్రాడికి ఈజ్. నాకూ, మా ఆవిడకూ, మా అబ్బాయికీ మాత్రం ఆర్. అప్పటికి గానీ నాకు వెలగలేదు. మావయ్యగారు వచ్చారంటాం గానీ వచ్చాడనం కదా. ఇంట్లో గౌరవించవలసిన వాళ్ళందరినీ ఆమె ఇంగ్లీషులోనూ బహువచనంలో కూర్చోబెడుతోంది. ఈజ్ అంటే ఆమె చెవికి "వాడు" అన్నట్టే ఉంది.

కారణం తెలిసినా తిప్పలు తగ్గలేదు. ఇంగ్లీషులో మనిషి ఒక్కరైతే ఈజే, రాష్ట్రపతికైనా అంతేనని చెప్పాను. తల ఒప్పుకుంది, నోరు ఒప్పుకోలేదు. ఇంటర్వ్యూ తెల్లారితే. కుర్చీ అటు జరిపాను, ఇటు జరిపాను. ఫ్యాను వేశాను, ఆపాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఎదురుగా రాయిలా కూచుని నన్ను వాడు అను, వాడు అను అంటే ఎలా అంటాదండీ? మీరలా గోదారి గట్టుకి పోండి. నేనడుగుతాను."

"నీకు ఇంగ్లీషు వచ్చా?"

"ఈజ్ వచ్చు. పొద్దున్నుంచీ అదేగా గోల!"

చెప్పులు తొడుక్కున్నాను గానీ గట్టుదాకా వెళ్ళలేదు. వీధి అరుగు ముందే పచార్లు చేశాను. లోపలి నుంచి సన్నగా వినబడింది, "మై ఫాదరిన్‌లా ఈజ్..." నాలిక కరుచుకున్నట్టు ఆగింది. తరవాత ఇంకాస్త గట్టిగా అంది. అత్తాకోడళ్ళు నవ్వుకుంటున్నారు.

ఇంటర్వ్యూ రోజు పేపరు మడిచాను, విప్పాను, ఒక్క ముక్కా ఎక్కలేదు. ఆటో చప్పుడు వినబడినప్పుడల్లా గేటు దాకా వెళ్ళి వచ్చాను. మధ్యాహ్నం దాటాక దిగింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

"ఇంట్లో ఎవరెవరున్నారని అడిగారండి."

"ఏమన్నావు?"

నేల చూసింది. "అక్కడ మీరు లేరు కదండీ. అనేశాను."

"ఏమనేశావమ్మా?"

ఎంత అడిగినా నా ఎదుట ఆ మాట అనలేదు. సోమవారం నుంచి రమ్మన్నారని మాత్రం చెప్పి, చెంగుతో మొహం తుడుచుకుంటూ గబగబా లోపలికి వెళ్ళిపోయింది.