ఒళ్ళో కూర్చునేవాళ్ళు

పడవలమ్మే ఆయన "ఎంతమంది ఎక్కుతారండీ?" అని అడిగాడు. మా ఆయన "ముగ్గురమండీ" అన్నారు. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే. మేం ఐదుగురం: మేమిద్దరం, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. రేవులో ఐదుగురమూ ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాం.

గోదావరి అవతల లంకలో మాకు రొయ్యల చెరువులున్నాయి. ఆదివారం చర్చి అయ్యాక ఇంటిల్లిపాదీ అక్కడికే వెళ్తాం. పాత చెక్క పడవ పుచ్చిపోవడంతో మోటారున్న అల్యూమినియం పడవ కొందామనుకున్నాం. పన్నెండడుగులదా, పదహారడుగులదా అన్నది తేలాలి.

"ఐదుగురం కదండీ?" అన్నాను.

"పిల్లలికేంటే, ఒళ్ళో కూర్చుంటారు," అన్నారు మా ఆయన.

ఆటోలోనూ ఇదే మాట, బస్సులోనూ ఇదే. ఒళ్ళో కూర్చున్నవాళ్ళు మా ఇంట్లో ఎప్పుడూ లెక్కలోకి రారు. నేనూ ఎన్నోసార్లు అలాగే అన్నాను. అది తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

"ఆయ్, ముగ్గురికైతే పన్నెండడుగులది సరిపోద్దండి," అని అతను, ఒకసారి నడిపి చూసుకోమని చిన్న పడవను నీళ్ళలోకి దింపాడు. ముగ్గురని చెప్పాం కాబట్టి మూడే లైఫ్ జాకెట్లు తెచ్చాడు. మా ఆయన ఒకటి వేసుకున్నారు. ఒకటి అత్తయ్యకు తొడిగారు. మూడోది నాకిచ్చారు.

"ఇది సత్తుగిన్నెలా తేలిపోద్దిరా," అని అత్తయ్య మురిసిపోయారు.

పడవెక్కాక నా జాకెట్ విప్పి నాలుగేళ్ళ బాబుకు తొడిగాను. వాడు చేతులెత్తగానే అది తలమీంచి ఊడొచ్చింది. ఏడేళ్ళ పాపకు అదీ లేదు. అప్పుడే దిగిపోవాల్సింది. దిగలేదు. అత్తయ్య ఏమంటారోనని ఊరుకున్నాను.

నది మధ్యకు వెళ్ళేసరికి వేటకు వెళ్ళే పెద్ద బోటొకటి మా పక్కనుంచి దూసుకుపోయింది. దాని అల వచ్చి కొట్టింది. మా పడవ ఒకపక్కకు ఒరిగి, అంచు మీదుగా నీళ్ళు లోపలికొచ్చాయి. బాబు నా ఒళ్ళోంచి జారాడు. చొక్కా కాలరు దొరికింది కాబట్టి సరిపోయింది. పాప అరవలేదు, రెండు చేతులతో నా జడ పట్టుకుంది. పట్టుకోవడానికి దానికి అదే దొరికింది.

ఒడ్డుకొచ్చాక మా ఆయన ప్యాంటు పిండుకుంటూ నవ్వారు. "ఏం కాలేదుగా! చిన్నదే మేలు. పెద్దదైతే గట్టుమీదికి లాగడానికి నలుగురు కావాలి."

"లాగడానికైతే నలుగురిని లెక్కపెట్టారు. ఎక్కడానికి మాత్రం మీ పిల్లలే లెక్కకు రాలేదా?"

"నలుగురిలో ఏంటా అరుపులు?" అన్నారాయన.

"దీని భయం చూస్తే సముద్రం దాటేస్తున్నామనుకుంటార్రా జనం," అన్నారు అత్తయ్య. పడవలాయన కూడా నవ్వాడు. తడిసిన పిల్లలిద్దరూ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వణుకుతున్నారు. వాళ్ళకేసి ఒక్కరూ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆయనతో ఒకే మాట చెప్పాను: "చిన్నది కొంటే నేనెక్కను. ఇద్దరిని ఎలాగూ తీసేశారు, నన్నూ తీసేయండి." ఆయన అటు తిరిగి పడుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకుంటే చేతిలో కాలరు ఉన్నట్టే ఉంది, జారిపోతున్నట్టూ ఉంది.

పొద్దున్నే ఆయన పడవలాయనకు ఫోన్ చేశారు. "పెద్దదే ఇచ్చెయ్యండి. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు," అన్నారు. లెక్క తప్పు చెప్పానని మాత్రం అనలేదు. పిల్లలికి ఎన్ని జాకెట్లు కావాలో కూడా చెప్పలేదు.

నేను ఫోన్ తీసుకుని, చిన్న సైజువి రెండు కావాలని చెప్పి పెట్టేశాను. తర్వాత ఇడ్లీ తింటున్న పిల్లల ముందు కూర్చుని, ఆయనకు వినబడేలా చెప్పాను.

"ఎంతమంది అని ఎవరడిగినా ఐదుగురం అని గట్టిగా చెప్పండి. మీ జాకెట్ మీ ఒంటిమీద లేకపోతే పడవెక్కొద్దు. నాన్న పిలిచినా సరే, నాన్నమ్మ పిలిచినా సరే. నేను ఒళ్ళో కూర్చోమని పిలిచినా సరే, ఎక్కొద్దు."