ఏషియా డైరెక్టర్ గారి నల్లపొడి

యూరప్‌లో గ్రాఫైట్ గని తవ్వబోతున్న ఒక కంపెనీకి ఏషియా డైరెక్టర్ అయిన కొత్తలో, ఆయన నగరానికి ఆ కొసనున్న పాసిర్ రిస్ నుంచి రైలెక్కి ఈ కొసన చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చాడు. అంతకుముందు ఏదో బ్యాంకు తరఫున ఇన్సూరెన్స్ పాలసీలు అంటగట్టేవాడు. నేను యూనివర్సిటీలో బ్యాటరీల మీద పరిశోధన చేస్తానని ఎవరో చెప్పారట. పెసరట్టు తింటూ జేబులోంచి చిన్న గాజుసీసా తీసి బల్ల మీద పెట్టాడు. అందులో నల్లపొడి.

"ఫ్యూచర్ అంతా ఇందులోనే ఉంది చెల్లెమ్మా," అన్నాడు.

ఇది గనిలో తీసిన గ్రాఫైట్ రేకుల పొడేనా, బ్యాటరీకి పనికొచ్చేలా శుద్ధి చేశారా అని అడిగాను. అదంతా టెక్నికల్ అని, ఇంకాస్త అల్లప్పచ్చడి వేయించుకున్నాడు. తను అమ్మేదేమిటో తెలియకపోవడం ఆయనకు లోటుగా తోచలేదు. పైగా షేర్లు కొనేవాళ్ల కోసం రాఫెల్స్ ప్లేస్‌లో పెట్టే మీటింగుకు నన్ను రమ్మన్నాడు. పక్కన ఒక సైంటిస్టు కూర్చుంటే నిండుగా ఉంటుందట. నా కాంట్రాక్టు అయిపోవస్తోంది. పరిచయాలు ఎప్పటికైనా పనికొస్తాయన్నారు మావారు. వెళ్లాను.

హాలు నిండా ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లే. ఐటీ, బ్యాంకింగ్. ఆఫీసులో ప్రతి అంకెనూ మూడుసార్లు తిరగేసే మనుషులు, అక్కడ తెర మీద పచ్చటి అడవి మధ్య కారు బొమ్మ చూసి చప్పట్లు కొట్టారు. కంపెనీ నుంచి ఒక జియాలజిస్టు వచ్చింది. నెరిసిన జుట్టు, ముతక బూట్లు. గని తవ్వబోయే కొండ గురించి ఆమెకు తెలిసినంత ఆ హాల్లో ఎవరికీ తెలియదు. ఆమె చేత మంచు ఫొటోలు నాలుగు చూపించి, థాంక్యూ చెప్పి కూర్చోబెట్టాడు డైరెక్టరు.

ఇది కార్లలోకి ఎప్పుడొస్తుందని వెనక వరసలోంచి ఒకాయన నన్ను అడిగాడు. ఉన్నది చెప్పాను. గని అనుమతి మీద ఆ కొండకింది జనం కోర్టుకెక్కారు. రేకుల్ని గుండ్రంగా మలిచి, శుద్ధి చేసి, పూత వేసే ఫ్యాక్టరీకి ఇంకా పునాది పడలేదు. అది కట్టినా బ్యాటరీలవాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించి గానీ కొనరు. ఈలోగా చైనా సరుకు చవగ్గా దొరుకుతూనే ఉంటుంది.

డైరెక్టరు నవ్వుతూ మైకు అందుకున్నాడు. "మా చెల్లెమ్మకి జాగ్రత్త ఎక్కువండీ. సైంటిస్టులంతా అంతే."

హాలంతా నవ్వింది. టీ దగ్గర ఆ వెనక వరసాయనే నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "అయితే మేడమ్, షేర్లు ఇప్పుడే తీసుకోవాలా, కొంచెం తగ్గేదాకా ఆగాలా?"

డైరెక్టరు మీద నాకున్న చులకన ఆ క్షణంలో సగానికి తగ్గింది. ఆ సగం ఈయనకు పంచాల్సి వచ్చింది.

జియాలజిస్టును నేనే దగ్గర్లోని హాకర్ సెంటర్‌కు, చవక తిండి అంగళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. నూడుల్స్ తింటూ, ఆ కొండ మీద తను పడుచుతనం నుంచి తిరుగుతున్నానని చెప్పింది. కంపెనీల పేర్లు మారాయట, లోగోలు మారాయట, కొండ మాత్రం కదల్లేదట. ఖనిజం మంచిదే, అందులో అబద్ధం లేదంది. గని తెరిచేసరికి తాను రిటైరై ఉంటానని కూడా అంది.

మరి హాల్లో ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నా విమానం టికెట్ వాళ్లే కొన్నారు," అంది.

సాకులేమీ చెప్పలేదు. ఆమెను కూడా తీసిపారేయాలనే అనుకున్నాను, చేతకాలేదు. నూడుల్స్ బాగున్నాయంటే ఇంకో ప్లేటు తెప్పించాను.

గని ఇప్పటికీ తెరవలేదు. నా కాంట్రాక్టు పొడిగించారు. పరిచయాలతో పని పడలేదు. డైరెక్టరు ఏడాది తిరగకుండానే హైడ్రోజన్ కంపెనీలో చేరాడు. మొన్న మనవాళ్ల ఉగాది భోజనాల దగ్గర కనిపించాడు, చుట్టూ మళ్లీ జనం. ఫోనులో అదే అడవి, అదే కారు.

నన్ను చూసి చెయ్యెత్తి పిలిచాడు. "చెల్లెమ్మా, హైడ్రోజన్ మీద ఏమన్నా ఐడియా ఉందా?"

లేదన్నాను. పులిహోర అయిపోయేలా ఉంది, ప్లేటు తీసుకుని వరసలోకి వెళ్లాను.