పొడుగక్క కంచం

తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు ఇంగ్లీషు వచ్చని మోత్కూరు పక్కనున్న మా ఊరు మొత్తం నమ్మేది, నేనొక్కదాన్ని తప్ప. డిగ్రీ అప్పుడే అయింది, ఉద్యోగం లేదు, నోరు మాత్రం పెద్దది. ఆ రోజుల్లోనే, క్రిస్మస్ దగ్గర పడుతుండగా, ఎక్కడో మంచు దేశం నుంచి ఇద్దరు మిషనరీ అమ్మాయిలు మా చర్చికి వచ్చారు. పిల్లలకు పాటలు నేర్పడం, ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేయడం వాళ్ల పని. వాళ్ల మాట మాకు, మా మాట వాళ్లకు చేరవేయడం నా పని. వాళ్ల పేర్లకు ఎవరి నోరూ తిరగలేదు. అందుకని మా వాడవాళ్లే పేర్లు పెట్టేశారు. పొడుగ్గా ఉన్నామె పొడుగక్క, ఊరికే నవ్వే ఆమె నవ్వులక్క.

అప్పటికి చలి బాగా ముదిరింది. మేమంతా స్వెటర్లు, మంకీ టోపీల్లో మూటల్లా తిరుగుతుంటే, ఆ ఇద్దరూ పొద్దున్నే చన్నీళ్ల స్నానం చేసి పల్చటి పంజాబీ డ్రెస్సుల్లో హాయిగా ఊరంతా చుట్టేవాళ్లు. మా అవ్వ చూసి తట్టుకోలేకపోయింది. "సలికి సచ్చిపోతరే బిడ్డా! నువ్వేం జేస్తున్నవ్, జర చెప్పరాదు గాళ్లకు?" అని నన్ను తిట్టి, తన గొంగడి తెచ్చి పొడుగక్కకు చుట్టింది. ఆ పిల్ల మొహమాటానికి తీయలేక, మధ్యాహ్నం ఎండలో కూడా చెమటలు కక్కుతూ అలాగే తిరిగింది. సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "మీకు చలికాలం ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది. (ఆ ప్రశ్న మాత్రం అవ్వకు చేరవేయలేదు.)

అంతా బాగానే నడిచేది, తిండి దగ్గర తప్ప. మా చర్చి సంఘం సెక్రటరీ సారు పుట్టింది మా వాడలోనే, మా ఇంటి వెనక ఇంట్లోనే. సర్కారు కొలువొచ్చి మోత్కూరులో ఇల్లు కట్టుకున్నాక ఆయనకు వాడ నీళ్లు పడటం మానేశాయి. చర్చి పక్క గదిలో ఉంటున్న ఆ ఇద్దరికీ ఆయనే బండి మీద బ్రెడ్డు, ఉడికిన గుడ్లు, సీసా నీళ్లు తెచ్చేవాడు. అవ్వ ఒకపూట వాళ్లను అన్నానికి పిలుస్తానంటే, ఆరాధన అయ్యాక అందరి ముందే అనేశాడు.

"వాడల వద్దవ్వా. ఫారినోళ్లు. మన నీళ్లు, మన కారం పడయి. దవాఖానల పడ్డరంటే సంఘం పేరు ఖరాబైతది."

అవ్వ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. "చిన్నప్పుడు దొరింటికి పనికి పోతే పైకెల్లి దోసిట్ల నీళ్లు వోసెటోళ్లు. గా దొరలు పోయిండ్రు. గిప్పుడు మనోడే నా బువ్వ వద్దంటుండు," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు వండవే అవ్వా, ఎవరు తిననియ్యరో నేను జూస్త!" అని లేచాను.

మర్నాడు సాయంత్రం ప్రార్థన పేరు చెప్పి ఇద్దరినీ ఇంటికి తీసుకొచ్చాను. (ప్రార్థన కూడా చేశాం. కోడి కూర వాసనకు చిన్నగానే ముగిసింది.) జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, అన్నం, పచ్చిపులుసు. వచ్చేముందు వాళ్ల పెద్దలు ఒక మాట నేర్పి పంపారట. పరాయి ఇంట్లో కంచంలో మెతుకు మిగిల్చినా ఆ ఇంటిని అవమానించినట్టేనని. అవ్వ పద్ధతి వేరు. చుట్టం కంచం ఖాళీగా కనిపిస్తే ఇంటికి అవమానం. చాలనుకుంటే చుట్టమే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలి. ఇంకేముంది, పొడుగక్క ఊడ్చినట్టు తినడం, అవ్వ వడ్డించడం, పొడుగక్క మళ్లీ ఊడ్చడం. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. నవ్వులక్క నవ్వడమే మానేసింది.

"ఈమె ఎప్పుడు ఆపుతుంది?" అంది పొడుగక్క నాతో ఇంగ్లీషులో, ఏడుపు గొంతుతో.

"ఏమంటుందే?" అంది అవ్వ.

"బాగుందట," అన్నాను. (అది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. గెలుస్తున్న మనిషికి అంతకన్నా మంచి అనువాదం రాదు.)

గిన్నె ఖాళీ అయ్యాక, "పాపం, కడుపు నిండలేదు," అంటూ అవ్వ పక్కింటికి కూర అడగడానికి లేచింది. అప్పుడు నాకే జాలేసి, పొడుగక్క కంచం మీద నా చెయ్యి అడ్డం పెట్టి చూపించాను. అంత చిన్న పని చేస్తే చాలని తెలిసి ఆ పిల్ల నన్ను చూసిన చూపు నేనెప్పటికీ మర్చిపోలేను.

తెల్లారి సారు బండి మీద వచ్చేసరికి చర్చి గదికి తాళం ఉంది. రాత్రి సంగతి ఆయనకు అప్పటికే ఎవరో ఊదేశారు. "దవాఖానకు తీస్కపోయిండ్రా? నేను ముందే చెప్పిన్నా లేదా?" అని నా మీద విరుచుకుపడ్డాడు. ఆ పిల్లలకు ఏమైనా అయితే అవ్వ ఇక నలుగురిలో తలెత్తుకోలేదు. సారు టిఫిన్ డబ్బా చేత్తోనే పట్టుకుని మా వాడలోకి నడిచాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆయన అటు అడుగు పెట్టడం. వెనకాలే నేను.

మా ఇంటి ముందు చలిమంట మండుతోంది. నవ్వులక్క మా బాపు మంకీ టోపీ పెట్టుకుని చాయ్ తాగుతోంది. పొడుగక్క రాత్రి మిగిలిన రొట్టె పచ్చిపులుసులో అద్దుకుని తింటోంది. పిలవకుండానే వచ్చారట! అవ్వ ఇంకో రొట్టె అందించబోతే, పొడుగక్క పుట్టినప్పటి నుంచి మా వాడలోనే ఉన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. అవ్వ పకపకా నవ్వి, తలెత్తి సారును చూసింది.

"నిలవడ్డవేంది? కూసో. నువ్వు గూడ ఫారినోడివే అయితివి గదా, నీకు గూడ పెడ్త."

వాడ వాడంతా చూస్తోంది. సారు డబ్బా పక్కన పెట్టి, మంట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అవ్వ రొట్టె పెట్టింది, తిన్నాడు. ఇంకోటి పెట్టింది, అదీ తిన్నాడు. ఎప్పుడు చెయ్యి అడ్డం పెట్టాలో ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా పెట్టలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. సంఘం కమిటీలో నేనున్నాను. బయటి నుంచి ఎవరొచ్చినా మొదటి పూట అన్నం వాడలోనే అని ప్రతిసారీ పట్టుబడతాను. హోటల్ నుంచి తెప్పిద్దాం అనేవాళ్లు నన్ను మొండిదంటారు, అననీ. ఆనాటి నోరుపెద్ద పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఇంగ్లీషు ఇప్పుడు కాస్త వచ్చింది. అయినా, ఎర్రబడిన చెవులతో చుట్టం నా వైపు దీనంగా చూసి ఏదో అంటే, వడ్డించే ఆ ఇంటి అవ్వ "ఏమంటుండు బిడ్డా?" అని అడిగితే, ఒకటే చెబుతాను.

"బాగుందట."