బుస్సుమన్న రెగ్యులేటర్

ఒక మనిషి ఊపిరి పీల్చుకునే సామాను బాగుచేస్తానని పట్టుకుని, ఒక్క పూటలో దానికి నేను పట్టించిన గతి చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా అత్త ప్రతి పెళ్ళి పందిట్లోనూ ఈ కథ చెప్పి నవ్విస్తూనే ఉంది. ఆవిడ నోట లేనిపోనివి కలిపి వినేకన్నా నా నోట వినడమే మేలు.

తొంభైల్లో మద్రాసు పురసవాక్కంలో, బట్టల కొట్ల వెనక సందులో మా అత్తకు వర్క్‌షాపు ఉండేది. మనలి ఫ్యాక్టరీల నుంచి వచ్చే గ్యాస్ వాల్వులు బాగుచేసేవాళ్ళం. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. వాల్వు మీద చెయ్యి పెడితే చాలు, దాని జబ్బు నాకు తెలిసిపోతుందని గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేది లెండి.

ఆయుధపూజ మర్నాడు పొద్దున దేవరాజన్న వచ్చాడు. ఎన్నూరు రేవులో నీళ్ళడుక్కి దిగి జెట్టీ స్తంభాలు చూసే డైవరు. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తమ్ముడూ, పీల్చకపోయినా సన్నంగా గాలి కారతాండాది. మూడుగంటలకి నేను నీళ్ళలో దిగాల. దిగలేదంటే కాంట్రాక్టరు ఇంకోణ్ణి పెట్టుకుంటాడు. నీకు వస్తుందా ఇది?"

వస్తుందా అట! నాకు ఒళ్ళు మండింది.

"గ్యాసు వాల్వు వచ్చినోడికి గాలి వాల్వు రాదా? ఆడ కూర్చో అన్నా!"

విప్పాను. గాలి రంధ్రాన్ని మూసే చిన్న రబ్బరు బిళ్ళ అరిగిపోయి ఉంది. ఇంతేనా అనుకున్నాను. కొత్త బిళ్ళ తీసి కళ్ళకద్దుకుని, నిన్నటి పూజ గిన్నెలోంచి గంధం, కుంకుమ తీసి దాని ముఖాన బొట్టు పెట్టాను. కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా వాడడం మా ఇంట్లో లేదు. బిగించి, గాలి సిలిండరుకు తగిలించి దాని వాల్వు తిప్పాను.

బుస్సుమంది! సన్నంగా కారేది కాస్తా ఇప్పుడు పాములా బుసకొడుతోంది.

"తమ్ముడూ, ఇంతకుముందే మేలు గదా?"

"నువ్వు ఉప్పునీళ్ళలో వాడి కడగలేదన్నా!"

"దినామూ కడుగుతాను గదప్పా!"

"అయితే మీ ఎన్నూరు నీళ్ళే అట్టాంటివి!"

బిళ్ళను కదిపే లివరు వంచాను. స్ప్రింగు మార్చాను. ఇంకో కొత్త బిళ్ళ తీశాను, దానికీ బొట్టు పెట్టాను. ఇంకా గట్టిగా బుస్సుమంది. దేవరాజన్న దాన్ని నోట్లో పెట్టుకుని ఒక్క గుక్క పీల్చి, నా వంక వింతగా చూశాడు.

"గుడి వాసన వస్తాండాది తమ్ముడూ."

చూశారా అన్యాయం? పొద్దుటి నుంచీ టిఫిను కూడా తినకుండా పాటుపడుతుంటే ఎగతాళి! "నీకు దిగే ధైర్యం లేక నా పని మీద వంక పెడతాండావు" అని అరిచాను. పాపం, ఆయన గోడ గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటింది. మిగిలింది ఒక్కటే బిళ్ళ.

సరిగ్గా అప్పుడే అత్త అన్నం క్యారియరుతో వచ్చింది. నేను భక్తిగా మూడో బొట్టుకు వేలు ముంచాను.

"ఏందిరా చేస్తాండావు?"

"బొట్టు పెడతాండా అత్తా."

"ఏడ?"

"బిళ్ళ ముఖాన."

"రంధ్రం మూసేది ఆ ముఖమే గదరా! నడుమ గంధం పెళ్ళ ఉంటే ఎట్టా మూసుకుంటుంది? నలుసు పడితేనే కారతాదని నీకు నేర్పించింది ఎవురు?"

తనే నేర్పించింది.

లోపలంతా శుభ్రంగా కడిగి, నేను చెడగొట్టిన లివరు సరిచేసి, బొట్టు లేని బిళ్ళ వేసి బిగించింది. నీళ్ళ తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. నేను పారేసిన రెండు బిళ్ళలూ నిక్షేపంగానే ఉన్నాయని కూడా దేవరాజన్న ముందే చూపించింది. ఆ అవసరం ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

దేవరాజన్న ఆటోలో పరిగెత్తి మూడింటికి నీళ్ళలో దిగాడు. మర్నాడు టెంకాయ, అరటిపళ్ళు, కర్పూరం పెట్టిన పళ్ళెంతో వచ్చాడు.

"ఇకమీద రిపేరు అమ్మ చేస్తుంది, పూజ నువ్వు చెయ్యి తమ్ముడూ. పనులు మార్చుకోబాకండి."

ఆ రోజే నీళ్ళ తొట్టి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. మనిషి ఊపిరికి అడ్డుపడే చోట ఈ జన్మలో బొట్టు పెట్టను. ప్రమాణం గట్టిగా నిలవాలని తొట్టికి మాత్రం ఒక బొట్టు పెట్టాను.