ఉతకని తువ్వాలు

కారిమంగళంలో కిరాణా కొట్టు తెరవకముందే లోపల పిల్లి అరుపు వినిపించింది, తెగి తెగి అతుక్కునే నూలుపోగులా. తరువాత తాళంచెవులతో కొట్టు నడిపే కమలవేణి వచ్చింది.

మూటల్ని ఎలుకల నుంచి కాయడానికి ఆమె పెంచిన జంటలో మిరియం అనే నల్లపిల్లి చనిపోయి నాలుగు రోజులైంది. రెండోది, రాగి, అప్పటినుంచి ఏమీ తినలేదు. మనిషి పోతే చేసినట్టే మైల పోవాలని, అవి రెండూ పడుకునే గోనెపట్టాను కమలవేణి అది పోయిన రోజే సోడా వేసి ఉతికేసింది. రాగి దాన్ని అంచు అంచునా వాసన చూసి, అరుస్తూ కొట్టంతా వెతుకుతోంది.

"ఏమక్కా, పిల్లికి గూడా కర్మ చేస్తివా? మైలతోపాటు దాని వాసన గూడా పోయె. ఇది ఎక్కడని వెతుకుతాది, పావం!" అన్నాడు తమ్ముడు గణేశన్.

చింతపండు గంపల వెనక, మిరియం పగటిపూట పడుకునే పాత తువ్వాలు ఉతకకుండా మిగిలిపోయింది. కమలవేణి దాన్ని తెచ్చి గోనె మీద పరిచి, పెరుగన్నం గిన్నెతో పక్కనే నేల మీద కూర్చుంది. రాగి వచ్చి అందులో ముఖం దాచుకుంది. చాలాసేపటికి, ఆమె చాపిన వేళ్ళకంటిన పెరుగన్నాన్ని అది నాకింది.

మరి మైల మాటేమిటని గణేశన్ అడిగితే కమలవేణి తల ఎత్తకుండానే అంది:

"ఉండనీ సామీ. దానికి చాలనిపించినప్పుడు అదే లేచిపోతాది. అప్పుడు ఉతుకుతాను."