గేటు తెరిస్తేనే సూది

హైటెక్ సిటీ అద్దాల మేడల్లో కొమురవ్వ నేల తుడవడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు దాటింది. నార్సింగిలో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేది. కంపెనీలు మారాయి, ఒంటిమీది యూనిఫాం రంగులు మారాయి, సూపర్‌వైజర్లు మారారు. ఆమె స్వభావం మాత్రం మారలేదు. ఎవరు ఏ పని చెప్పినా ‘ఎందుకు’ అని ఒకసారి అడిగి గానీ కదలదు. కారణం సబబుగా ఉంటే మారుమాట లేకుండా చేస్తుంది. లేకపోతే చీపురు గోడకు ఆనించి నిలబడుతుంది. ఈ అలవాటు వల్ల రెండుసార్లు ఉద్యోగం పోయింది కూడా.

అది 2021 జూన్ నెల. కరోనా రెండో విడత అప్పుడప్పుడే తగ్గుముఖం పడుతోంది. ఇంజనీర్లంతా ఇళ్లనుంచే పని చేస్తున్నారు. ఖాళీ అంతస్తులు తుడవడానికి మాత్రం కొమురవ్వలాంటి వాళ్లు రోజూ రావాల్సిందే. ఒక శుక్రవారం సూపర్‌వైజర్ రవీందర్ హౌస్‌కీపింగ్ వాళ్లందరినీ సెల్లార్‌లో నిలబెట్టాడు.

“సోమవారం పొద్దుగాల ఎనిమిదింటికి రెండు బస్సులొస్తయ్. అందరు ఎక్కాలె. ఫంక్షన్ హాల్ల పెద్ద క్యాంపు పెట్టిండ్రు. మిలిటరీ డాక్టర్లు వచ్చి సూదులేస్తరు. ఏయించుకోనోళ్లకు గేట్‌పాస్ బంద్.”

మిలిటరీ అన్న మాట సాయంత్రానికల్లా బస్తీలన్నీ చుట్టేసింది. ఫోన్లలో వీడియోలు మొదలయ్యాయి. ఒకదాంట్లో పచ్చ లారీలు వరసగా పోతుంటాయి. అది ఏ ఊరో, ఏ ఏడాదిదో ఎవరికీ తెలియదు. కొత్త మందును పేదవాళ్ల మీద వేసి చూస్తారట. రానివాళ్లను ఇళ్లకొచ్చి ఎత్తుకుపోతారట. కొమురవ్వ ఇవేవీ నమ్మలేదు. పక్కగది ఎల్లేశం ఏప్రిల్‌లో ఊపిరాడక ఆమె కళ్లముందే పోయాడు. ఆ రోగం ఎంత చెడ్డదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సూది వేయించుకోవాలనే ఉంది. అయినా ఒక్క సంగతి మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది. దవాఖానలో నర్సు వేసే సూదికి తుపాకుల వాళ్లు ఎందుకు?

ఆమె పుట్టింది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లెలో. పదిహేడేళ్ల వయసులో ఒక తెల్లవారుజామున తుపాకుల వాళ్లు ఆ పల్లెను చుట్టుముట్టారు. వాళ్లు పోలీసులా, మిలిటరీనా అన్న తేడా ఊళ్లో ఎవరికీ తెలియదు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం వెతుకుతున్నామని చెప్పి ఊరందరినీ బడి ముందు ఎండలో కూర్చోబెట్టారు. ఒకతను కాగితం చూసి పేర్లు చదివాడు. పేరు వచ్చినవాళ్లు లేచి వ్యాన్ ఎక్కారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. కొమురవ్వ వాళ్లన్నయ్య పేరు కూడా వచ్చింది. ఐదు రోజులకు తిరిగొచ్చాడు గానీ ఎడమ చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. ఆ రోజు తనకు నోరు పెగలనందుకు కొమురవ్వ తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

ఆదివారం సరిత ఆమె గదికి వచ్చింది. ఇద్దరిదీ ఒకే అంతస్తులో పని. సరితకు ఇరవై నాలుగేళ్లుంటాయి.

“అత్తా, నాకు నాలుగో నెల,” అంది తల వంచుకుని. “రవీందర్ సార్‌కు తెలిస్తె పనిల కెల్లి తీసేస్తడు. చెప్పకపోతె రేపు సూదేస్తరు. కడుపుతోని ఉన్నోళ్లకు ఇంక ఏస్తలేరంట గద?”

“ఆడ డాక్టర్‌కు చెప్పు మరి.”

“తుపాకులు పట్టుకొని నిలబడ్తరంట, గేటు మూస్తరంట. నాకు నోరొస్తదా అత్తా?”

“నాకొస్తది. నువ్వు నా ఎనకనే ఉండు,” అంది కొమురవ్వ.

సోమవారం మొదటి బస్సు ఫంక్షన్ హాలు లోపలికి పోగానే ఇనుప గేటు మూసుకుంది. గేటుకు అటొకడు ఇటొకడు తుపాకులతో జవాన్లు నిలబడి ఉన్నారు. రెండో బస్సు గేటు ముందు ఆగింది. కొమురవ్వ సీట్లోంచి లేచి దిగిపోయింది. సరిత దిగింది. కిటికీల్లోంచి చూస్తున్న ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగడం మొదలుపెట్టారు.

రవీందర్ పరుగెత్తుకొచ్చాడు. “ఏంది కొమురవ్వా, లోపటికి పోయినంక దిగొచ్చు గద?”

“గేటెందుకు మూసిండ్రు సార్?”

“జనం ఎగబడ్తరని.”

“జనమేడున్నరు? వచ్చింది మేమే. మేం సూదికొచ్చినం, జైలుకు రాలె.”

రవీందర్ జేబులోంచి అందరి పేర్లున్న మడత కాగితం తీశాడు. “సరే, ఎవరెవరు దిగిండ్రో పేర్లకు టిక్కు పెట్టుకుంట,” అన్నాడు. కాగితం చూడగానే కొమురవ్వకు బడి ముందు పేర్లు చదివినతను గుర్తొచ్చాడు. అంతలో ఒక జవాను, పాపం ఎండగా ఉందనే కాబోలు, గోడ నీడన కూర్చోమని అందరికీ చేత్తో సైగ చేశాడు. నలభై మంది ఆడవాళ్లు కూర్చోబోయారు.

“కూసోకుండ్రి,” అంది కొమురవ్వ. గొంతు పెంచలేదు. ఒక్కరూ కూర్చోలేదు.

గొడవ విని లోపలి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు మిలిటరీ డాక్టరు, నడివయసు మనిషి, హిందీలో మాట్లాడుతున్నాడు. రెండో ఆమె బస్తీ దవాఖాన నర్సు జయంతి, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి.

“ఏమైందండి? ఎండలో ఎందుకు నిలబడ్డారు?” అంది జయంతి.

“డాక్టర్‌ను అడుగు బిడ్డా. సూదులేసేకాడ తుపాకికేం పని?”

జయంతి హిందీలో అడిగింది. మందు పెట్టెలకు కాపలా, అది రూలు, భయపడాల్సింది ఏమీ లేదు అన్నాడు డాక్టరు. ఇన్నేళ్లు నగరంలో బతికిన కొమురవ్వకు హిందీ బాగానే అర్థమవుతుంది. జయంతి చెప్పేదాకా ఆగలేదు.

“పెట్టెలకు కాపలైతె పెట్టెల కాడ నిలబెట్టుండ్రి సార్. మా మొఖాల ముంగట ఎందుకు నిలబెట్టిండ్రు?”

జయంతి ఆ మాటను ఉన్నదున్నట్టుగా హిందీలోకి మార్చింది. డాక్టరు గేటు దగ్గరి జవాన్ల వైపు చూశాడు.

“మీరు సాయం చెయ్యనీకె వచ్చిండ్రు, కాదంటలేను,” అంది కొమురవ్వ. “ఈడ నర్సులు సాలక మిమ్ముల పిలిచిండ్రు, మంచిదే. గని తుపాకి కనవడ్తె అడిగేటోళ్లు అడగరు, వద్దనేటోళ్లు వద్దనరు. గేటు తీసి పెట్టుండ్రి. ఒక్కొక్కలను పక్కకు పిలిచి అడుగుండ్రి, ఏమన్న బీమారి ఉన్నదా, కడుపుతోని ఉన్నరా అని. ఆ ముచ్చట మా సార్ చెవుల పడొద్దు. వద్దన్నోళ్లను పోనియ్యుండ్రి.”

రవీందర్ మధ్యలోకి వచ్చాడు. “మేడం, ఈమెకు రోజు ఇదే లొల్లి. అందరు ఒప్పుకున్నరు, లిస్టు సూడుండ్రి.”

జయంతి కాగితం తీసుకుని చూసింది. “ఒప్పుకున్నట్టు సంతకాలేవండి ఇందులో?” అంది. ఆమె డాక్టరు వైపు తిరిగి, గర్భిణులకు ఇంకా వేయకూడదని, ఇలాంటి గుంపులో అడగకుండా వేస్తే రేపు జవాబు చెప్పుకోవలసింది తామేనని, ఈమె అడిగింది సబబేనని చెప్పింది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. మొహంలో చిరాకు కనపడుతూనే ఉంది. అయినా జవాన్లను పిలిచి ఏదో చెప్పాడు. వాళ్లు మందు పెట్టెలున్న గదివైపు వెళ్లిపోయారు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి.

“మీ వల్ల గంట ఆలస్యమైంది,” అన్నాడు డాక్టరు.

“కానియ్యి సార్. మా కోసమే గద వచ్చిండ్రు,” అంది కొమురవ్వ.

లోపల జయంతి ఒక పరదా కట్టించింది. ఒక్కొక్కరినీ దాని వెనక్కి పిలిచి అడిగింది, వద్దంటే వెళ్లిపోవచ్చని చెప్పింది. సరిత అక్కడ తన సంగతి చెప్పుకుని, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఇంకో నలుగురు తమకొద్దని చెప్పి వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు మొదటి బస్సులో వచ్చినవాళ్లే. మిగిలినవాళ్లంతా వేయించుకున్నారు.

చివరికి కొమురవ్వ వంతు వచ్చింది. జయంతి నవ్వుతూ కుర్చీ చూపించింది.

“నేను ఇయ్యాల ఏయించుకోను బిడ్డా,” అంది కొమురవ్వ.

“అదేంటండి, ఇంత పోరాడి?”

“వద్దన్నోళ్లను పోనిస్తమన్నరు గద. సప్పుడు చేసిన మనిషిని గూడ పోనిస్తరో లేదో సూడాలె.”

ఆమె మెల్లగా నడుచుకుంటూ గేటు దాటింది. ఎవరూ ఆపలేదు.

మర్నాడు గేట్‌పాస్ పనిచేయలేదు. రవీందర్ అన్నంత పనీ చేశాడు. కొమురవ్వ బతిమాలలేదు. వచ్చినదారినే తిరిగి వెళ్లింది. సరిత మాత్రం ఊరుకోలేదు. తనే స్వయంగా ఒక అర్జీ రాసింది. అందులో తన కడుపు సంగతి, రవీందర్ బెదిరింపు, క్యాంపు దగ్గర జరిగింది, అన్నీ పెట్టింది. ముప్పై మందికి పైగా సంతకాలు, వేలిముద్రలు వేశారు. దాన్ని కంపెనీలో పెద్ద ఉద్యోగి అయిన జ్యోత్స్న చేతిలో పెట్టి, జవాబు వచ్చేదాకా బకెట్లు ముట్టమన్నారు. రెండు రోజులు ఏ అంతస్తూ తడిగుడ్డ ఎరగలేదు. మూడోరోజు జ్యోత్స్న వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది. సూదికీ గేట్‌పాస్‌కూ లంకె పెట్టకూడదని కాగితం మీద రాసిచ్చింది. కొమురవ్వ గేట్‌పాస్ తిరిగి ఇవ్వాలని, సరిత పనికి ఢోకా లేదని కూడా అందులోనే ఉంది.

ఈలోగా ఒక ఉదయం కొమురవ్వ తనంతట తానే బస్తీ దవాఖానకు నడిచి వెళ్లింది. పది మంది వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక రవిక చెయ్యి పైకి లాగి జయంతి ముందు కూర్చుంది. ఆ రాత్రి కాస్త జ్వరం తగిలింది. రెండో రోజుకు తగ్గిపోయింది.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు లిఫ్ట్ దగ్గర రవీందర్ ఎదురయ్యాడు. ఆమె సూది వేయించుకుందన్న సంగతి అప్పటికే అతని చెవిన పడింది.

“ఆఖరుకు అదే సూది ఏయించుకుంటివి. గా దినం గంత లొల్లి ఎందుకు చేసినవ్?” అన్నాడు.

“అదే సూది సార్. గా దినం మీరు నాకు ఏపిద్దమన్నరు. మొన్న నేను ఏయించుకున్న.”

లిఫ్ట్ వచ్చింది. కొమురవ్వ బకెట్ లోపలికి నెట్టుకుని నాలుగో అంతస్తుకు వెళ్లిపోయింది.

జూలైలో గర్భిణులకు కూడా వేయవచ్చన్నాక సరిత జయంతి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. అడగాల్సినవన్నీ అడిగి, అరగంట ఆలోచించుకుని, అప్పుడు వేయించుకుంది. డిసెంబర్‌లో ఆమెకు కూతురు పుట్టింది.